చర్చ్ స్ట్రీట్ కొట్టు, ఐదో వంతు సైజులో: నా ఓక్ చెక్క డైరీ

ఫిబ్రవరి 15

ఇవాళ మళ్లీ ఇంగ్లండ్‌లోని ట్యూక్స్‌బరీ వెళ్లొచ్చాను, అక్కడి పాత కొట్టు ఒకదాన్ని చిన్న నమూనాగా చేయడానికి. ఇది నాలుగోసారి. ఈసారి ఫోటోల కన్నా బొమ్మలు ఎక్కువ గీశాను, ఎందుకంటే ఫోటో తీస్తే అన్నీ ఉన్నాయనిపిస్తుంది గానీ ఇంటికొచ్చి చూసుకుంటే సరిగ్గా మనకి కావలసిన అతుకు దగ్గరే నీడ పడి ఉంటుంది.

ఊళ్లో హై స్ట్రీట్, బార్టన్ స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్ అని మూడు పాత బజార్లు ఒక కూడలిలో కలుస్తాయి. చర్చ్ స్ట్రీట్ పట్టుకుని అబ్బీ (ఒకప్పటి క్రైస్తవ మఠం చర్చి) వైపు నడిస్తే పొడవాటి వరస ఒకటి కనబడుతుంది. ఒకదానికొకటి అతుక్కుని ఉన్న కొట్లు, గోడల్లో పైకి కనబడే ఓక్ నిలువులు, అడ్డాలు, ఇక పై అంతస్తు కింది గోడ కన్నా ముందుకొచ్చి కాలిబాట మీదికి వాలి ఉంటుంది. 15వ శతాబ్దం మొదట్లో అబ్బీ సన్యాసులు అద్దెలకివ్వడానికి కట్టించిన వరస ఇది. ముందు కొట్టు, కొట్టు వెనక కప్పు దాకా తెరిచి ఉండే చిన్న హాలు, కొట్టు మీద ఒక గది. ఒక్కో కుటుంబానికి అంతే. అందులో ఒకదాన్ని మర్చంట్స్ హౌస్ అని పాతకాలపు కొట్టు, కాపురం ఎలా ఉండేవో తెలిసేలా బాగుచేసి ఉంచారు. లోపలికెళ్లి నిలబడితే గది ఎంత ఇరుకో తెలుస్తుంది.

ఇంత ఒత్తుగా ఎందుకు కట్టారంటే, ఊరు సెవర్న్, ఏవన్ నదులు కలిసే చోట ఉంది. చుట్టూ వరద నీళ్లు నిలిచే పచ్చిక మైదానాలే. 2007 జులైలో వరదొచ్చి ఊరు దీవి అయిపోయిన ఫోటో మీరూ చూసే ఉంటారు, మధ్యలో అబ్బీ, చుట్టూ గోధుమరంగు నీళ్లు. అలాంటి చోట ఊరు పక్కలకి పెరగలేదు, ఉన్న మెరక మీదే ఒకరి భుజం ఒకరికి తగిలేలా కట్టుకున్నారు, వెనకనున్న స్థలంలోకి వెళ్లడానికి సన్నటి సందులు వదిలారు.

నేను చేయబోయేది ఈ వరసలో మధ్య కొట్టు ఒకదాని ముందు భాగం, ఐదో వంతు సైజులో, నిజమైన పచ్చి ఓక్‌తో, నిజమైన అతుకులతో. జిగురు వాడను, మేకు వాడను. ఒక్క యూనిట్‌ని మక్కీకి మక్కీ దించడం లేదు, కొలతలు గుండ్రం చేసుకున్నాను: ముంగిలి 70 సెంటీమీటర్లు, అంటే నిజంగా మూడున్నర మీటర్లు.

ఫిబ్రవరి 23

చెక్క దొరికింది. ఊరి బయట కోత మిల్లులో పెద్ద దూలాలు కోయగా మిగిలిన పచ్చి ఓక్ ముక్కలు అడిగితే, ఎందుకని అడిగాడాయన. చెప్పాను. పొయ్యిలోకి పోయే కట్టెల ధరకే ఇచ్చాడు, పైగా తనే మంచివి ఏరి పెట్టాడు.

పచ్చిదే ఎందుకు అని మా ఆఫీసులో ఇద్దరు అడిగారు. మనవైపు టేకు ఆరబెట్టకుండా గుమ్మం చేయిస్తే వడ్రంగిని తిడతారు కదా. ఇక్కడ లెక్క వేరు. ఓక్ ఆరితే రాయి. అంగుళం మందానికి ఏడాది అని ఇక్కడి వాళ్ల మోటు లెక్క, ఆ లెక్కన ఎనిమిదంగుళాల స్తంభం ఆరడానికి ఎనిమిదేళ్లు ఆగాలి. ఎవరూ ఆగలేదు. నరికిన చెట్టుని కొద్ది నెలల్లోనే గొడ్డలితో, బాడిసతో చదరం చేసి, పచ్చిగా ఉండగానే ఉలి పెట్టేవాళ్లు, ఇల్లు నిలబడ్డాక చెక్క తన చోటనే ఉండి మెల్లగా ఆరుతూ ముడుచుకునేది. పాత ఇళ్లు వంకర్లు తిరిగి కనబడటానికి ఇదొక కారణం. ఇంకో లాభం కూడా ఉంది: చెట్టు నరికిన కాలానికీ ఇల్లు కట్టిన కాలానికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి, దూలంలో వలయాల వెడల్పుల వరసని పోల్చి చూసి, బెరడు పక్కన మెత్తటి పొర మిగిలి ఉంటే ఇల్లు ఏ ఏడాది కట్టారో దగ్గరదగ్గరగా చెప్పేస్తారు.

ముక్కలు గరాజ్‌లో పెట్టి తడి గోనె కప్పాను.

మార్చి 2

ఈ వారమంతా కుసి పనే. మన వడ్రంగులు కుసి అనే దాన్నే ఇక్కడ టెనన్ అంటారు, అది దిగే బెజ్జాన్ని మోర్టిస్ అంటారు. నిజమైన ఇంట్లో కుసి మందం ఒకటిన్నర అంగుళం, నా నమూనాలో ఏడున్నర మిల్లీమీటర్లు. మూలమట్టం పెట్టి గీత గీసి, ముందు చిన్న డ్రిల్లుతో గుల్ల చేసి, తరవాత ఉలితో గోడలు నిటారుగా దించాలి. పచ్చి ఓక్‌లో ఉలి దిగుతుంటే వెన్నలో దిగినట్టు కాదు గానీ గట్టి జున్నులో దిగినట్టుంటుంది, వాసన పుల్లగా ముక్కుకి తగులుతుంది, సాయంత్రానికి వేళ్లు నల్లబడతాయి.

నాకు బాగా నచ్చిన సంగతి స్తంభం. వీళ్లు చెట్టుని తలకిందులు చేసి నిలబెడతారు. మొదలు పైకి, కొన కిందికి. చెట్టు మొదలు దగ్గర లావుగా ఉంటుంది కదా, ఆ లావు స్తంభం తల దగ్గర కావాలి, ఎందుకంటే అక్కడే గోడ మీద పొడుగునా పోయే పట్టీ, ఇంటికి అడ్డంగా పోయే కట్టు దూలం, ఈ రెండూ వచ్చి ఒకే తల మీద కూర్చుంటాయి. స్తంభం తలలో రెండు కుసులు ఒకదానికొకటి అడ్డంగా, ఒకటి పట్టీలోకి, ఒకటి దూలంలోకి. దూలం అడుగున పావురం తోక ఆకారంలో చెక్కిన భాగం పట్టీ మీది గాడిలో కూర్చుని పట్టీ బయటికి జారకుండా పట్టుకుంటుంది. మూడు చెక్కలు, ఒకే ముడి. కప్పు బరువు గోడల్ని బయటికి తోస్తుంటే ఆపేది ఈ ముడే. దీని మీదే వారమంతా పోయింది, అయినా ఒక స్తంభానికే అయింది.

మార్చి 9

చీల్చేసుకున్నాను. వివరంగా రాస్తాను, ఎవరైనా మొదలుపెడితే ఉపయోగం.

కుసిని బెజ్జంలో దించాక అడ్డంగా చెక్క చీల కొట్టాలి. అసలు కిటుకేంటంటే బెజ్జం గోడల్లో ఉన్న రంధ్రం, కుసిలో ఉన్న రంధ్రం ఒక వరసలో ఉండవు. కుసిలో రంధ్రాన్ని దాని భుజం (కుసి మొదలయ్యే మెట్టు) వైపుకి కొంచెం జరిపి తొలుస్తారు. అప్పుడు మొన చెక్కిన చీల లోపలికి పోతూ పోతూ వంగి, కుసిని బెజ్జంలోకి లాగేస్తుంది. జిగురు అక్కర్లేదు, బిగింపు కూడా అక్కర్లేదు, సుత్తి దెబ్బకే అతుకు కళ్ల ముందు మూసుకుపోతుంది. చెక్క ఆరి ముడుచుకునే కొద్దీ ఈ లాగుడు ఉపయోగపడుతూనే ఉంటుంది.

నిజమైన ఇంట్లో ఆ జరుపు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. నా సైజులో ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి. గట్టిగా పట్టుకుంటుంది కదా అని నేను రెండు పెట్టాను. మూడో దెబ్బకి రంధ్రం వెనక కుసి టప్‌మని చీలింది. వారం రోజుల పని. రెండోది ఇంకో తప్పు: చీలలు కూడా పచ్చి చెక్కతోనే చేశాను. చీలలు మాత్రం బాగా ఆరినవి కావాలి, పైగా రంపంతో కోసినవి పనికిరావు, ఈనె వెంబడి చీల్చి చేసినవైతేనే వంగినా విరగవు. ఉక్కు పలకలో ఐదు మిల్లీమీటర్ల బెజ్జం చేసి, ఆరిన ఓక్ పుల్లల్ని అందులోంచి కొట్టి లాగుతున్నాను ఇప్పుడు. డెబ్బై చేశాను.

మార్చి 16

పనిలో ఇవాళ అన్నిటికన్నా సంతోషమైన రోజు, చేసింది మాత్రం గీతలు గీయడమే.

పాతకాలంలో ఫ్రేమ్ మొత్తాన్ని ముందు వడ్రంగి దొడ్డిలో నేల మీద పరిచేవాళ్లు. చెట్లన్నీ వంకరే కాబట్టి ఏ రెండు దూలాలూ ఒకలా ఉండవు, ఈ స్తంభం వంకరకి ఈ అడ్డకర్రని ఆనించి, గీత దించి, కోసేవాళ్లు. అంటే ప్రతి అతుకూ ఆ ఒక్క చోటికే సరిపోతుంది. అదంతా విప్పి బండ్ల మీద వీధిలోకి తెచ్చి మళ్లీ నిలబెట్టాలి. ఏది ఎక్కడిదో తెలియకపోతే అంతే సంగతులు. అందుకని అతుకుకి రెండు వైపులా ఒకే అంకె, ఉలితోనో గీతకత్తితోనో రోమన్ పద్ధతిలో. నాలుగుకి నాలుగు నిలువు గీతలు (IIII), తొమ్మిదికి ఐదు గుర్తు పక్కన నాలుగు గీతలు (VIIII). పుస్తకాల్లో వేసే లెక్కతో వేస్తే నాలుగు (IV) తలకిందులైతే ఆరులా (VI) కనబడుతుంది, దూలాన్ని ఎటునుంచి చూస్తామో తెలియనప్పుడు కూడిక పద్ధతే క్షేమం అని నాకు గీస్తుంటే అర్థమైంది.

రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. తెనాలి దగ్గర మా ఊళ్లో ముప్ఫై ఏళ్లు కిరాణా కొట్టు నడిపాడు నాన్న. ఆ కొట్టుకి షట్టర్ లేదు, పై గాడిలో, కింది గాడిలో ఒకదాని పక్కన ఒకటి జరిపే చెక్క పలకలు ఉండేవి, ప్రతి పలక మీదా ఉలి గాట్లు.

"ఒరేయ్, ఇవి మన పలకల గాట్లేగా! మూడో పలక, ఐదో పలక తారుమారు చేస్తే కొట్టు మూసుకునేది కాదు, గుర్తుందా?"

"గుర్తుంది నాన్నా. నేనోసారి మార్చేసి పెట్టి నీ చేత తిట్లు తిన్నాను."

"మూడోది పైన రవ్వంత వంకర ఉండేది. ఆ వంకరకి సరిపోయేట్టు నాలుగోదాన్ని చిత్రిక పట్టాడు మన వడ్రంగి. అందుకే మార్చకూడదు."

నేల మీద గీత దించి కోసే పద్ధతి గురించి నేను వారం రోజులు చదువుకున్న సంగతిని నాన్న ఒక పలక గురించి చెబుతూ రెండు మాటల్లో చెప్పేశాడు.

మార్చి 23

ఇక కొట్టు ముంగిలి. నేను ఈ నమూనా మొదలుపెట్టింది దీని కోసమే.

ఆరువందల ఏళ్లలో ఏ కొట్టు ముంగిలీ అలాగే మిగలదు. గాజు చవకయ్యాక అద్దాల కిటికీలు వచ్చాయి, తరవాత ఇటుక గోడలొచ్చాయి, తరవాత బోర్డులొచ్చాయి. ఎక్కువ ఇళ్లలో పై అంతస్తు పాతది, కింద కొత్తది. మరి అసలు ముంగిలి ఎలా ఉండేదో ఎలా తెలుస్తుంది? ఖాళీ బెజ్జాలు చెబుతాయి. ముందు దూలం అడుగున, ఇప్పుడు ఏ స్తంభమూ లేని చోట కుసి బెజ్జం కనబడితే, అక్కడ ఒకప్పుడు నిలువు కర్ర ఉండేదన్నమాట. పక్కనే చీల రంధ్రం కూడా ఉంటే ఇంకా గట్టి సాక్ష్యం. నిలువు అంచున మెట్టులా కోసిన గాడి ఉంటే తలుపు రెక్క అక్కడ ఆనేది. ఈ లెక్కలన్నీ కలిపితే సన్నటి గుమ్మం, దాని పక్కన వెడల్పాటి కిటికీ, ఆ కిటికీకి పైన వంపు తిరిగిన చెక్క, అన్నీ వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. ష్రూస్‌బరీలో బుచర్ రో మీద అబాట్స్ హౌస్ అని ఒకటుంది, అదీ 15వ శతాబ్దపుదే, మూడంతస్తులు, కింద పాత కొట్టు కిటికీల వెడల్పాటి అరుగు చెక్కలు ఇప్పటికీ ఉన్నాయి. బెజ్జాలు చూసి ఊహించుకున్నదాన్ని అక్కడ చేత్తో తడిమి చూశాను.

కిటికీకి గాజు లేదు, తలుపులే. పై రెక్క పైకి లేపితే వానకి చూరు, కింది రెక్క కిందికి వాల్చితే సరుకు పెట్టే బల్ల. కొనేవాడు వీధిలోనే నిలబడతాడు, అమ్మేవాడు లోపల. మా ఊళ్లో కొట్టు అరుగు ముందు నిలబడి పావుకిలో పంచదార అడిగినట్టే. కొట్టు లోపలికి నడిచివెళ్లి కొనడం అనేది అలవాటుగా తరవాత వచ్చింది.

నా ముందు దూలానికి అడుగున రెండు బెజ్జాలు కావాలనే అదనంగా కొట్టి ఖాళీగా వదిలేశాను, పాత ఇళ్లలో ఖాళీ బెజ్జాలు ఎలా కనబడతాయో చూపించడానికి.

మార్చి 30

ఆఫీసు పని ఎక్కువ. ఏమీ చేయలేదు. పైగా ఇనుప క్లాంపు తీయడం మరిచిపోయాను, పచ్చి ఓక్‌లో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుము తగిలి దూలం మీద నీలి నల్ల మచ్చ పడింది, సిరా ఒలికినట్టు. ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కలిపి, గ్లవ్స్ వేసుకుని రుద్దితే చాలా వరకు పోయింది. ఇకమీదట క్లాంపు కింద తోలు ముక్క.

ఏప్రిల్ 6

జెట్టీ. అంటే పై అంతస్తు ముందుకు పొడుచుకు రావడం. యార్క్‌లో గుడ్రమ్‌గేట్ మీద 1316లో కట్టిన లేడీ రో వరసకి అప్పటికే జెట్టీ ఉంది, కాబట్టి ట్యూక్స్‌బరీ కట్టేనాటికి ఇది కొత్త సంగతేం కాదు.

ఎందుకు చేశారన్నదానికి తలా ఒక కారణం చెబుతారు: పైన చోటు కలిసొస్తుంది, కింద సరుకు తడవదు, వీధిలో దర్జాగా కనబడుతుంది, రెండంతస్తుల ఎత్తు స్తంభాలు వెతుక్కోకుండా పొట్టివాటితో పని జరుగుతుంది. అన్నీ నిజమే కావచ్చు. నాకు ఇంజినీరుగా ఎక్కువ నచ్చే కారణం ఇంకొకటి, అది మాటల్లో కాకుండా చూద్దామని పరీక్ష పెట్టాను. పై అంతస్తు నేలని మోసే పట్టెలు వెనక దూలం నుంచి ముందు దూలం దాకా 60 సెంటీమీటర్లు, ఆపైన 10 సెంటీమీటర్లు వీధిలోకి. ఒక పట్టె మధ్యలో పది కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే దాదాపు రెండు మిల్లీమీటర్లు కుంగింది. ఇప్పుడు ముందుకొచ్చిన కొసకి ఇంకో పది కిలోలు కట్టాను. మధ్యలో కుంగు సగానికి తగ్గింది! పై గోడ బరువు కొస మీద కూర్చుని, తూగుడు బల్లలా నేల మధ్యభాగాన్ని పైకి ఎత్తుతోంది. బరువునే ఆసరాగా వాడుకున్నారు.

ఈ పట్టెల్ని వాళ్లు పడుకోబెట్టి వేస్తారు, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. నేనైతే నిలబెట్టి వేసేవాణ్ణి, లోతుకే బలం కాబట్టి. తరవాతి శతాబ్దాల్లో వాళ్లూ అలాగే మార్చుకున్నారు. అయినా పడుకున్న పట్టెలు ఆరువందల ఏళ్లు మోశాయి, కాబట్టి నా నమూనాలో పడుకోబెట్టే వేశాను.

ఏప్రిల్ 12

నిలబెట్టేశాం! పక్కింటి పెద్దాయన, మా ఆవిడ, నేను. రసమట్టం పెట్టి అడుగు దూలం సరిచూసుకుని, స్తంభాలు, అడ్డకర్రలు, ముందు దూలం, పట్టెలు, పై గోడ, వరస తప్పకుండా. ఒక చోట అంకెలు కలిశాయి గానీ కుసి దిగలేదు, తీసి చూస్తే బెజ్జం అడుగున చెక్కపొట్టు పేరుకుని ఉంది. చీలలన్నీ వీధి వైపు నుంచే కొట్టాం, మంచి ముఖం అటే. కొడతి దెబ్బ చప్పుడు మారుతుంది, మొదట బోలుగా, చివరికి రాయి మీద కొట్టినట్టు. అది వినబడగానే ఆపెయ్యాలి.

స్తంభాలు నిటారుగా నిలబడ్డాక పెద్దాయన చెయ్యి వేసి ఊపి చూశాడు. కదల్లేదు.

ఏప్రిల్ 26

గోడలు. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు: తడిక అల్లి మట్టి మెత్తడమే. పైన అడ్డకర్రలో గుండ్రటి బెజ్జాలు, కింద కర్రలో పొడుగు గాడి, ఓక్ పుల్లని పైన గుచ్చి కింద జరిపితే నిలబడుతుంది, వాటి మధ్య హేజెల్ అనే పొద చెట్టు బద్దలు అల్లుతారు. మట్టి, తరిగిన గడ్డి, పేడ కలిపి రెండు వైపుల నుంచీ ఒకేసారి కొడతారు, రెండూ తడిక సందుల్లో కలుసుకుని పట్టేస్తాయి. పేడ కోసం దగ్గరి పొలానికి వెళ్లాను. కాళ్లతో తొక్కే పనికి పిల్లలు ఎగబడ్డారు.

పైన సున్నం. సిమెంటు మాత్రం ముట్టనివ్వను. ఈ ఇళ్లకి 20వ శతాబ్దంలో జరిగిన పెద్ద చేటు అదే: పగుళ్లు కనబడితే చాలు సిమెంటు మెత్తారు, చెక్క తడికి ఉబ్బి ఎండకి ముడుచుకునేటప్పుడు పక్కన సందు పడుతుంది, అందులోంచి వాన దిగుతుంది, సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు, నీళ్లు అడుగు దూలం దగ్గర నిలిచి కుళ్లబెడతాయి. సున్నమైతే తడి పీల్చి మళ్లీ వదిలేస్తుంది.

మే 4

చెక్కకి నల్ల రంగు వేయమని అందరూ అంటున్నారు, "అప్పుడే ట్యూడర్ ఇల్లులా ఉంటుంది" అని (ట్యూడర్ అంటే 16వ శతాబ్దంలో ఇంగ్లండ్‌ని ఏలిన రాజుల కాలం). వేయను. ఆ కాటుక నలుపు, పాల తెలుపు చాలా చోట్ల 19వ శతాబ్దపు మోజు. అంతకు ముందు చెక్కని అలాగే వదిలేసేవాళ్లు, ఎండకి వెండి బూడిద రంగు తేలేది, లేదా చెక్కకీ గోడకీ కలిపి ఒకే సున్నం పూత వేసేవాళ్లు. నా ఓక్ ఇప్పుడు తేనె రంగులో ఉంది, గరాజ్ బయట చూరు కింద పెట్టాను, దానంతట అది మారనీ.

పక్క స్తంభంలో నిలువునా ఒక పగులు వచ్చింది, నడిబొడ్డు నుంచి బయటికి. చెక్క ఆరుతోంది. ఎక్కడా చీల వదులవ్వలేదు.

మే 17

తలుపు రెక్కలు బిగించాను. పై రెక్క లేపి పుల్ల ఆనించాను, కింది రెక్క వాల్చి దాని కింద రెండు కాళ్లు పెట్టాను. బల్ల మీద అగ్గిపెట్టె అంత బుట్టలో పాప నాలుగు కందిపప్పు గింజలు పోసింది. నాన్నకి ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూశాడు, ఫోన్ ఇంకా దగ్గరికి పెట్టమన్నాడు, గుమ్మం చూశాడు, బల్ల చూశాడు.

"బాగుందిరా. మరి రాత్రికి గడియ ఎక్కడ?"

పెట్టలేదు. రెక్కలు మూసుకుంటాయి గానీ లోపల అడ్డగడియ లేదు. "మా కొట్టు పలకలన్నీ పెట్టాక లోపల అడ్డంగా ఇనప పట్టీ వేసేవాళ్లం, రెండు కొసలా గోడలోకి దిగేది" అన్నాడు నాన్న. స్తంభాల లోపలి ముఖాన, రెక్కలు కలిసే ఎత్తులో రెండు గాళ్లు చాలు. ఒకటి లోతుగా, ఇంకోటి తక్కువ లోతుగా ఉంటే కర్రని అటు తోసి ఇటు దించొచ్చు. గీతలు గీసి ఉంచాను. ఉలి రేపు పెడతాను.